గుంట మగ్గం మీద కూర్చుని, లేవకుండా, చేతి బ్యాండ్‌తో పాటలు మార్చుకోవడం ఎలా?

మంగళగిరి_మగ్గం:

అందరికీ నమస్కారం. నేను మంగళగిరిలో నూలు చీరలు నేస్తాను. మాది గుంట మగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేది. పక్క మగ్గం మీద మా మామయ్య గారు నేస్తారు. పొద్దున వంట ముగించుకుని గుంటలోకి దిగానంటే మధ్యాహ్నం అన్నాల వేళ దాకా నాకు పాటలు ఉండాల్సిందే. పాట ఉంటే చెయ్యీ కాలూ ఒకే లయలో పడతాయి, నడుం నొప్పి కూడా అంతగా తెలియదు.

ఫోను మగ్గం దగ్గర పెట్టుకోను. నూలు దుమ్ము ఛార్జింగ్ పెట్టే చోట పేరుకుపోతుంది. అందుకని గోడ గూట్లో పెడతాను, పక్కనే బ్లూటూత్ స్పీకరు. చిక్కల్లా పాట మార్చాల్సి వచ్చినప్పుడే. ఎడమ చెయ్యి అచ్చు (పోగును గుడ్డలోకి బిగించే దువ్వెన లాంటిది) కొడుతుంటుంది, కుడి చెయ్యి నాడె (అడ్డ పోగును అటూ ఇటూ మోసేది) తాడు లాగుతుంటుంది, కాళ్లు కింద తొక్కుతుంటాయి. లేవాలంటే అన్నీ ఆపాలి. ఆపితే ఆపాంలే అనుకోవడానికీ లేదు. తిరిగొచ్చి కూర్చున్నాక మొదటి నాలుగు దెబ్బలు ముందు పడినంత బరువుగా పడకపోతే గుడ్డలో అడ్డంగా గీత కనబడుతుంది. లేత రంగు చీరైతే మరీను. కొనేవాళ్లు వెలుగులో పరిచి చూస్తారు, ఆ గీత దగ్గరే వేలు పెడతారు. ఒక పాట మార్చడం కోసం చీర ధర తగ్గించుకోలేను కదా.

మా తమ్ముడు ఈ బాధ విని ఒక ఫిట్‌నెస్ బ్యాండ్ కొనిచ్చాడు. చేతికి పెట్టుకునే చిన్న పట్టీ, వెలిగే బొమ్మ తెర. అందులో మ్యూజిక్ అని ఒక పేజీ ఉంది, అక్కడే నొక్కి పాట మార్చుకోవచ్చన్నాడు. వాడు బెంగళూరులో ఉంటాడు, ఫోన్లో చెబితే నాకు సగమే అర్థమవుతోంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

స్పీకర్లో పాట మోగుతున్నా బ్యాండ్ మీద మాత్రం ఏమీ ప్లే కావడం లేదన్నట్టు ఖాళీ పేజీ చూపిస్తుంది. ఎప్పుడైనా పని చేసినా కాసేపటికి బ్యాండ్‌కీ ఫోనుకీ సంబంధం తెగిపోతుంది. పాట పేరు వచ్చినప్పుడు కూడా అక్షరాలకు బదులు డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. ఇంకోటి, నేను కూర్చున్న చోటు నుంచి కదలను, సాయంత్రం చూస్తే వేలకు వేల అడుగులు నడిచినట్టు రాసి ఉంటుంది. నేను నిజంగా నడిచేది కొండ కింద గుడి దాకా, అదీ సాయంత్రం పూట. ఆ లెక్క సరిగ్గా తెలిస్తే బాగుండునని ఉంది, షుగర్ రాకుండా నడవమని డాక్టరమ్మ చెప్పారు.

అసలు పాటలు బ్యాండ్‌లోకే ఎక్కించేసుకుంటే ఫోను గొడవ ఉండదు కదా, అలా కుదురుతుందా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

తెనాలి_సెల్‌సర్వీస్:

అక్కా, నేను తెనాలిలో ఫోన్లు బాగుచేస్తాను. మీ చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతా, అది తేలితే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

మీ చేతికి ఉన్నలాంటి బ్యాండ్‌లో పాటలు దాచుకునే చోటు లేదు, స్పీకరూ లేదు. అది టీవీ రిమోట్ లాంటిది. మీరు నొక్కింది ఫోనుకు చేరవేస్తుంది, ఫోను చెప్పిన పాట పేరు తెర మీద చూపిస్తుంది, అంతే. చవక బ్యాండ్‌లలో ఈ రిమోట్ పని మన దగ్గర బాగా తెలిసింది 2019లో షావోమీ కంపెనీ ‘Mi బ్యాండ్ 4’ వచ్చాకే. అప్పట్లో అది 2,299 రూపాయలు. అంతకుముందు ఏడాది వచ్చిన మూడో రకంలో పాటల పేజీ ఉండేది కాదు.

ఇప్పుడు ఖాళీ పేజీ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లో పాట వాయించే ప్రతి యాప్ తన గురించి ఫోనుకు ఒక కబురు ఇస్తుంది: ఫలానా పాట నడుస్తోంది, ఆపాలంటే ఇలా, తర్వాతి దానికి వెళ్లాలంటే ఇలా అని. లాక్ స్క్రీన్ మీద పాట బొమ్మ, బటన్లు కనిపించేది దానివల్లే. బ్యాండ్ తాలూకు యాప్ కూడా ఆ కబురు చదవాలి. చదవాలంటే దానికి నోటిఫికేషన్ యాక్సెస్ అనే అనుమతి ఉండాలి. చాలామంది దీన్ని మెసేజ్‌ల కోసమే అనుకుని ఇవ్వరు. పాటల పేజీ ఖాళీగా ఉందని నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం ఇదే. ఫోను సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట నోటిఫికేషన్ యాక్సెస్ అని కొట్టండి. వచ్చిన జాబితాలో మీ బ్యాండ్ యాప్ పేరు పక్కన ఆన్ చెయ్యండి. ఇప్పటికే ఆన్‌లో ఉంటే ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, ఫోను రీస్టార్ట్ చెయ్యండి. యాప్ అప్‌డేట్ అయ్యాక కొన్నిసార్లు అనుమతి పైకి ఉన్నట్టే ఉండి లోపల పని చెయ్యదు.

సంబంధం తెగిపోవడానికి కారణం వేరు. బ్యాటరీ మిగల్చాలని ఫోను వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తుంటుంది. బ్యాండ్ యాప్ చచ్చిపోతే మధ్యలో కబురు మోసేవాడు లేనట్టే. ఆ యాప్ ఐకాన్ మీద వేలు అదిమి పెడితే యాప్ ఇన్ఫో వస్తుంది, అందులో బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టండి. ఆటోస్టార్ట్ అని ఉంటే అదీ ఆన్ చెయ్యండి. పాటలు వాయించే యాప్‌కి కూడా ఇదే చెయ్యండి.

పాటలు దేంట్లో వింటున్నారో చెప్పలేదు. యూట్యూబ్‌లో అయితే ప్రీమియం డబ్బులు కట్టనివాళ్లకు స్క్రీన్ ఆఫ్ అయితే పాట ఆగిపోతుంది. ఆగాక బ్యాండ్ మీద ఎంత నొక్కినా లాభం లేదు. పాటలు ఫోన్లోకి ఎక్కించుకుని వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌లో వింటే స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా నడుస్తాయి, ప్రకటనలూ ఉండవు, నెట్టూ అక్కర్లేదు.

డబ్బాలు రావడానికి కారణం బ్యాండ్‌లో తెలుగు ఫాంట్ లేకపోవడం. దాన్ని మనం మార్చలేం. కానీ పాట పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే కనిపిస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫైలు పేరు మారిస్తే చాలదు. పాట ఫైలు లోపల ట్యాగ్ అని ఉంటుంది, టైటిల్, పాడినవాళ్లు, ఆల్బమ్ అన్నీ అందులో రాసి ఉంటాయి. బ్యాండ్ చూపించేది ఆ టైటిల్నే. ప్లే స్టోర్‌లో ట్యాగ్ ఎడిటర్లు దొరుకుతాయి, లేదా ఎవరి కంప్యూటర్లోనైనా అన్నీ ఒకేసారి మార్పించుకోండి.

చీరాల_పాత_నేత:

అమ్మాయ్, నేనూ నేతవాణ్నే. ఇప్పుడు కళ్లు సరిగా ఆనక మగ్గం మానేశాను, మా అబ్బాయి నేస్తున్నాడు. వాడూ ఇలాంటిదే చేతికి పెట్టుకున్నాడు. అడుగుల సంగతి నేను చెబుతా విను.

అది మన కాళ్లను చూసి లెక్కపెట్టదు. చెయ్యి ఊగడాన్ని చూసి లెక్కపెడుతుంది. నడిచేవాడి చెయ్యి ఎలా ఒక వరసలో ఊగుతుందో నాడె తాడు లాగే చెయ్యీ అలాగే ఊగుతుంది. ఎడం చేతికి మార్చుకున్నా అచ్చు కొట్టే ఊపు ఉండనే ఉంది. మన రెండు చేతుల్లో ఖాళీగా ఉండేది ఏదమ్మా?

మా వాడు చేసిన పని ఏమిటంటే, మగ్గంలో కూర్చునేటప్పుడు దాన్ని చేతికి తీసేసి మగ్గం గుంజకు కట్టేశాడు. కదలని గుంజకు, కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాస్తే అందే ఎత్తులో. అడుగులు లెక్క పడవు, పాటలు మాత్రం అక్కడినుంచే మార్చుకుంటాడు. సాయంత్రం నడవడానికి వెళ్లేటప్పుడు విప్పి చేతికి పెట్టుకుంటాడు. దానివల్ల ఇంకో మేలు కూడా ఉంది. చేతికి ఉంటే బకిల్‌కి పోగు తగులుకుంటుంది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక పోగు తెగితే మళ్లీ వెతికి అతకడం ఎంత పనో నీకు చెప్పక్కర్లేదు.

చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు మాత్రం మగ్గం మీద వద్దు. మగ్గం చప్పుడు వినబడాలి. నాడె సరిగ్గా పోకపోయినా, పోగు తెగినా, నాడెలో నూలు చుట్టిన కండె అయిపోవస్తున్నా ముందు చెవికే తెలుస్తుంది, తర్వాతే కంటికి. నువ్వు స్పీకర్లో వింటున్నావు, మంచి పని.

మంగళగిరి_మగ్గం:

బాబాయ్ గారూ, గుంజకు కట్టే ఆలోచన నాకు చాలా నచ్చింది. ఎడమ పక్క గుంజ అందుబాటులోనే ఉంది. ఒక్కటే అడ్డు. చేతికి ఉంటే ఫోన్ వచ్చినప్పుడు అది వణుకుతుంది, మగ్గం చప్పుడులో రింగ్ వినబడకపోయినా నాకు తెలుస్తుంది. పాప బడి నుంచి ఎప్పుడైనా చేస్తారేమోనని ఆ ధైర్యం కావాలి. గుంజకు కడితే ఆ వణుకు తెలియదు కదా.

తెనాలి తమ్ముడూ, నోటిఫికేషన్ యాక్సెస్ ఇచ్చాను. పాట పేరు వచ్చింది! ఆపడం, తర్వాతి పాట, ముందు పాట అన్నీ అవుతున్నాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. లేవకుండా పాట మారుతుంటే మామయ్య గారు కూడా ఆశ్చర్యపోయారు. వింటున్నది యూట్యూబే, మీరు చెప్పినట్టు ఫోన్లోకి ఎక్కించుకుంటాను.

రెండు సంగతులు మిగిలాయి. సౌండ్ పెంచే గీత బ్యాండ్ మీద పైదాకా జరిపినా స్పీకర్ మోత పెద్దగా మారడం లేదు. ఇంకా, నేను నేస్తున్నంతసేపూ బ్యాండ్ తెర దానంతట అదే వెలిగి ఆరిపోతోంది. వారం వస్తుందన్న ఛార్జింగ్ ఎంతో ముందే అయిపోతోంది.

తెనాలి_సెల్‌సర్వీస్:

తెర వెలగడం అంటే మణికట్టు ఎత్తితే వెలిగే సెట్టింగ్ ఆన్‌లో ఉంది అక్కా. టైమ్ చూసుకోవడానికి చెయ్యి ఎత్తారనుకుని నాడె లాగినప్పుడల్లా అది లేస్తోంది. బ్యాండ్ యాప్‌లో రైజ్ టు వేక్ లేదా లిఫ్ట్ రిస్ట్ అని ఉంటుంది, ఆపెయ్యండి. కొన్నింటిలో ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అని పెట్టుకోవచ్చు, అలా ఉంటే నేసే వేళలు వదిలేసి సాయంత్రానికి పెట్టుకోండి. తెర వెలిగి ఉన్నప్పుడు చీర కొంగో నూలో తగిలి పాట మారిపోయే బాధా తప్పుతుంది.

సౌండ్ విషయంలో, ఫోనుకో వాల్యూమ్, స్పీకరుకో వాల్యూమ్ ఉంటాయి. ఆండ్రాయిడ్ 6 నుంచి రెండింటినీ ఒక్కటిగా కలిపే ఏర్పాటు ఉంది, అయితే కొన్ని స్పీకర్లు దానికి సరిగ్గా కలిసిరావు. బ్యాండ్ కదిపేది ఫోను వాల్యూమ్‌ని. కాబట్టి పొద్దున్నే స్పీకర్ మీదున్న బటన్‌తో దాని సౌండ్ కావలసినంత ఎత్తులో పెట్టేసి, ఫోను వాల్యూమ్ సగంలో ఉంచండి. అప్పుడు బ్యాండ్ మీద అటూ ఇటూ జరపడానికి చోటుంటుంది. అలా చేసినా మారకపోతే ఫోను సెట్టింగ్స్‌లో దాగి ఉండే డెవలపర్ ఆప్షన్స్ అనే పేజీలో డిసేబుల్ ఆబ్సల్యూట్ వాల్యూమ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి స్పీకర్‌ని మళ్లీ కనెక్ట్ చెయ్యండి. ఆ పేజీలో మిగతావి ముట్టుకోవద్దు.

వేళ్లకు గంజి తడి ఉంటే తెర సరిగ్గా పలకదు. తుడుచుకుని నొక్కండి.

బీచ్‌రోడ్_వాకర్:

నేను విశాఖలో ఉంటాను. పొద్దున పూట బండ్లు రానివ్వని వేళలో ఆర్కే బీచ్ రోడ్డు మీద నడుస్తాను. పాటలు చేతి మీదే ఉండాలన్న మీ మొదటి ప్రశ్నకు ఇంకో జవాబు ఉంది, అందుకే రాస్తున్నా.

పాటలు దాచుకునే బ్యాండ్లు, వాచీలు ఉన్నాయి. శాంసంగ్ గేర్ ఫిట్2 అని 2016లో వచ్చింది, బ్యాండ్ ఆకారమే, 4 జీబీ మెమరీ. అందులో కొంత దాని సొంత పనికి పోగా మిగిలిన దాంట్లో పాటలు ఎక్కించుకుని, ఇయర్‌ఫోన్లు నేరుగా దానికే కలుపుకోవచ్చు. గార్మిన్ వాళ్లు 2018లో ఫోర్‌రన్నర్ 645 మ్యూజిక్ తెచ్చారు, అందులో 500 పాటల దాకా పడతాయి. పరిగెత్తేవాళ్లకు ఇవి వరం. ఫోను జేబులో ఎగురుతుంటే పరుగు పరుగులా ఉండదు. నేను ఇలాంటి వాచీ కొన్నప్పటి నుంచి ఫోను ఇంట్లో వదిలేసి వెళ్తున్నాను, అందులో ఉన్న సుఖం మాటల్లో చెప్పలేను.

కానీ అమ్మా, మీకు ఇది అక్కర్లేదని నా అభిప్రాయం. ఖరీదు చాలా ఎక్కువ. పాటలు చేతి మీది నుంచే వినిపిస్తే ఛార్జింగ్ కూడా త్వరగా కరిగిపోతుంది. మీ ఫోను అదే గదిలో, పది అడుగుల దూరంలో గూట్లోనే ఉంది కదా. మీకున్న బ్యాండే సరిపోతుంది.

సౌండ్ గురించి ఒక్క మాట, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మగ్గం మోతను మించి వినబడాలని స్పీకర్ పెంచుతూ పోతే రోజంతా ఆ గదిలో ఉండే చెవులు దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90కి పెరిగితే 4 గంటలే. పది పెరిగితే సమయం పదో వంతుకు పడిపోతుంది. స్పీకర్‌ని గూట్లో కాకుండా మీ తల ఎత్తులో, మీకు దగ్గరగా పెట్టుకోండి. తక్కువ సౌండ్‌కే స్పష్టంగా వినబడుతుంది.

కోడ్_కూకట్‌పల్లి:

ఒక జాగ్రత్త చెప్పాలి. నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వడం అంటే ఆ యాప్‌కు పాటల పేర్లే కాదు, ఫోనుకు వచ్చే నోటిఫికేషన్లన్నీ చదివే వీలు ఇచ్చినట్టు. బ్యాంకు ఓటీపీ కూడా అందులో కనబడొచ్చు. కాబట్టి బ్యాండ్ కంపెనీ సొంత యాప్‌కు, అదీ ప్లే స్టోర్ నుంచి దించుకున్నదానికే ఇవ్వండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలుకు (ప్లే స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించే ఫైలు) అస్సలు ఇవ్వొద్దు. ఆండ్రాయిడ్ 13 నుంచి అలా బయట నుంచి వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతుంది. ఆ అడ్డు మన మంచికే ఉంది, ఎవరైనా తీసెయ్యమన్నా తియ్యకండి.

కంపెనీ యాప్ మీద నమ్మకం కుదరనివాళ్లకు గాడ్జెట్‌బ్రిడ్జ్ అని ఉచిత యాప్ ఉంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఇంటర్నెట్ అనుమతే అడగదు. పాటల రిమోట్ పని కూడా చేస్తుంది. అయితే కొన్ని కొత్త బ్యాండ్లను దానికి కలపడానికి ఒక తాళం కోడ్ కావాలి, అది తెచ్చుకోవడం అలవాటు లేనివాళ్లకు కష్టం. మీకు ఇప్పుడున్నది పనిచేస్తోంది కాబట్టి మార్చమని చెప్పను.

ఫోను బ్లూటూత్ మెనూలో బ్యాండ్ కోసం వెతికి కలపకండి, యాప్ లోంచే కలపండి. స్పీకరుకూ బ్యాండ్‌కూ పోటీ ఉంటుందేమోనన్న భయం వద్దు. స్పీకరుకు పాట వెళ్లేది మామూలు బ్లూటూత్ మీద, బ్యాండ్ మాట్లాడేది తక్కువ కరెంటు తాగే రకం మీద. 2010లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఆ రెండోది ఉంది. ఫోను రెండింటినీ ఒకేసారి చూసుకోగలదు. ఐఫోన్‌లో అయితే పాటల కబురు బ్యాండ్‌కు నేరుగా ఫోనే ఇస్తుంది, ఈ యాక్సెస్ తంటా లేదు.

గుంటలో కూర్చున్నప్పుడు ఇంకా తెగుతుంటే ఫోను గూట్లో ఏ వైపు ఉందో చూడండి. ఈ తరంగాలను మన ఒంట్లోని నీరు పీల్చేసుకుంటుంది. బ్యాండ్‌కూ ఫోనుకూ మధ్య మీ ఒళ్లు అడ్డం రాకుండా, మీకు ఎదురుగా ఉన్న గూట్లోకి మార్చండి.

మంగళగిరి_మగ్గం:

మీ అందరి పుణ్యమా అని పని జరుగుతోంది. తెర వెలగడం ఆపేశాను, బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టాను, ఫోను ఎదుటి గూట్లోకి వచ్చింది, స్పీకరు నా పక్కనున్న బల్ల మీదకి చేరింది. సౌండ్ ముందుకంటే తగ్గించినా మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. పాటలు మెమరీలోకి ఎక్కించి, పేర్లు మా పాప చేత ఇంగ్లీషు అక్షరాల్లో రాయిస్తున్నాను. అది ఇష్టంగా చేస్తోంది.

బ్యాండ్ మాత్రం రెండు రకాలుగా వాడుతున్నాను. పాప బడిలో ఉన్న వేళ చేతికే ఉంచుకుంటాను, బకిల్ మీద చిన్న గుడ్డ చుట్టాను, పోగు తగలడం లేదు. పాప ఇంటికొచ్చాక బ్యాండ్‌ని గుంజకు కడతాను. అడుగుల కోసం బాబాయ్ గారు చెప్పినట్టు పూర్తిగా గుంజకు కట్టలేకపోయినా, నడకకు బయల్దేరే ముందు ఉన్న అంకె చూసుకుని, తిరిగొచ్చాక ఉన్న అంకెలోంచి దాన్ని తీసేస్తున్నాను. డాక్టరమ్మకు ఆ లెక్క చెబుతాను.

ఇక మామయ్య గారి కోరిక ఒకటి ఉంది. ఆయనకు విజయవాడ ఆకాశవాణి ఇష్టం. ఫోన్లో ప్రసార భారతి యాప్ పెట్టి ఇచ్చాను. రేడియో నడిచేటప్పుడు బ్యాండ్ మీద ఆపడం, మొదలుపెట్టడం అవుతోంది. తర్వాతి పాట బటన్ నొక్కితే ఏమీ కావడం లేదు. స్టేషన్ మారితే బాగుండునని ఆయన ఆశ. దీనికేమైనా దారి ఉందా?

తెనాలి_సెల్‌సర్వీస్:

రేడియో నేరుగా వచ్చే ప్రసారం కదా అక్కా, దానికి ముందు పాట, వెనక పాట అనేవి ఉండవు. ఆ బటన్ నొక్కితే ఏం చెయ్యాలో యాప్ చేసినవాళ్లే రాసి పెట్టాలి, రాయకపోతే బ్యాండ్ ఏమీ చెయ్యలేదు. కొన్ని రేడియో యాప్‌లలో మనకు నచ్చిన స్టేషన్లను వరసగా పెట్టుకుంటే తర్వాతి బటన్‌కు తర్వాతి స్టేషన్ వస్తుంది. ప్లే స్టోర్‌లో అలాంటివి ఒకటి రెండు పెట్టి చూడండి, విజయవాడ స్టేషన్ అందులో దొరికితే సరి. దొరకకపోతే చిన్న రేడియో సెట్టు ఒకటి మామయ్య గారి మగ్గం పక్కన పెట్టండి, ఆయనకు చెయ్యి చాస్తే అందే చోట.